బుధవారం కోడి: వండుడు తక్కువ, తోముడు ఇంకా తక్కువ

మా ఇంట్లో ఒక రూలుంది. ఎవరు వండితే వాళ్లే బోళ్లు తోమాలి. పెట్టింది మా ఇంటామె. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. సెకండ్ షిఫ్టు పడ్డ వారం ఇంటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. ఆ వారం పొయ్యి నాది, పొయ్యితో పాటు సింకూ నాదే. ఈ రూలు వచ్చాకే వంటలో అసలు కష్టం ఎక్కడుందో నాకు అర్థమైంది. కోడికూర ముప్పావు గంటలో అయిపోతుంది. ఆ తర్వాత చూడండి: ముక్కలు నానబెట్టిన గిన్నె, ఉల్లిగడ్డ కోసిన పలక, మిక్సీ జారు, అడుగంటిన కడాయి, దాని మూత, రెండు గరిటెలు, కూర తీసి పెట్టిన గిన్నె. ఇవి కాక పొయ్యి చుట్టూ నూనె చుక్కలు, గోడ టైల్స్ మీద ఎర్రటి మరకలు. తిన్నది అరిగేలోపు తోముడు అయిపోతే అదృష్టమే.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో లెక్కలు రాస్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్. పొద్దున జెండా పాట, అంటే మొదటి వేలం, మొదలైనప్పటి నుంచి సాయంత్రం రైతుకిచ్చే చివరి తక్‌పట్టీ (లెక్క చీటీ) రాసేదాకా కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది కానీ కుదురుండదు. ఒక పక్క హమాలీలు, ఒక పక్క తూకం వేసే దడ్వాయిలు, మధ్యలో "నా పైసలెప్పుడిస్తరు సారూ" అని రైతులు. హన్మకొండలో ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. చొక్కా విప్పి దులిపితే ఇంట్లో అందరూ తుమ్ముతారు. ముందు స్నానం చేయందే పిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వను. అప్పుడు కడాయి ముందు నిలబడి ముప్పావు గంట కలపమంటే ఎవరికి ఓపిక ఉంటుంది చెప్పండి?

అందుకే ఓవెన్. మాది చిన్న ఓటీజీ, బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్. పిల్లల పుట్టినరోజు కేకులకని కొన్నాం. తర్వాత అందరి ఇళ్లలో లాగే దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద నిమ్మకాయల బుట్ట పెట్టాం. ఇప్పుడు దానితో నేను చేసే పెద్ద పని కోడి కాళ్లు కాల్చడం. ముట్టే పని మొత్తం కలిపి పది పదిహేను నిమిషాలు. మిగతా గంట అది పని చేస్తుంది, నేను చిన్నోడి చేత ఎక్కాలు చదివిస్తాను.

బుధవారమే ఎందుకు అంటే, మిగిలిన వారాలు దేవుళ్లు పంచుకున్నారు. సోమవారం శివుడిది. మంగళవారం, శనివారం ఆంజనేయస్వామివి, శనివారంలో వెంకన్నకు కూడా వాటా ఉంది. గురువారం సాయిబాబాది. శుక్రవారం అమ్మవారిది, ఇంట్లో దీపం పెడతారు. ఇక ఆదివారం మటనో, నాటుకోడో, తీరిగ్గా మా అమ్మ చేతి వంట, దాని జోలికి నేను పోను. మధ్య వారంలో నీసు ముట్టే రాత్రి మాకు ఒక్క బుధవారమే. మా వీధిలో చికెన్ సెంటర్ అతనికి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. మంగళవారం ఈగలు తోలుకుంటూ కూర్చునే మనిషి బుధవారం సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లను ఎక్కువ పెట్టుకుంటాడు.

దుకాణంలో చెప్పాల్సిన మాట ఒక్కటే, కానీ గట్టిగా చెప్పాలి. "తమ్మీ, లెగ్ జాయింట్లు. ముక్కలు కొట్టకు." మనం ఫోన్ పే కొట్టడానికి కిందికి చూసేలోపు వాడి చెయ్యి అలవాటు ప్రకారం టకటకా నాలుగు దెబ్బలు వేసేస్తుంది, కర్రీ కట్ అయిపోతుంది. కాబట్టి కత్తి మీదే చూపు ఉంచి నిలబడాలి. తొడా కాలూ కలిసి ఉన్న పూర్తి జాయింటు కావాలి. ఒక్కోటి ఇంచుమించు పావు కిలో ఉంటుంది, కిలోకు నాలుగు, ఒకోసారి ఐదు తూగుతాయి. తర్వాత "గాట్లు పెట్టు" అనాలి. తొడ మీద రెండు, కాలు మీద రెండు, కత్తి మొన బొక్కకు తగిలేంత లోతుగా. ఈ గాట్లు అక్కడే పెట్టించుకుంటే ఇంట్లో పచ్చి కోడికి కత్తి, పలక ముట్టే పని తప్పుతుంది. మనకు తోమే సామాను అక్కడే తగ్గడం మొదలవుతుంది.

బోన్‌లెస్ ఎందుకు కాదని అడుగుతారు. రొమ్ము మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. పది నిమిషాలు ఎక్కువైతే పీచులాగా ఎండిపోతుంది, పిల్లలు నమిలి నమిలి పక్కన పెడతారు. కాలు మాంసంలో కొవ్వు ఉంటుంది, కీళ్ల దగ్గర జిగురు పొరలుంటాయి. అవి వేడికి నెమ్మదిగా కరిగి మాంసాన్ని మెత్తగా చేస్తాయి. కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరితే తినడానికి భయం లేదు. కానీ కాలు అంతటితో ఆగితే కొంచెం రబ్బరులాగా ఉంటుంది, 80 దాటితేనే బొక్క నుంచి సులువుగా విడుతుంది. అంటే కాలు ముక్క ఐదు పది నిమిషాలు ఆలస్యమైనా ఏమీ కాదు, ఇంకా బాగుపడుతుంది. ఎక్కం మధ్యలో ఏడ్చే పిల్లోడు ఉన్న ఇంట్లో ఇదే కావాలి.

నాటుకోడి మాత్రం ఓవెన్లో పెట్టకండి. అది ఏడాది పాటు పెరట్లో ఉరికిన కోడి, పొడి వేడికి లొంగదు. దానికి నీళ్లు కావాలి, గంటల పొయ్యి కావాలి. మేడారం జాతరలో చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి, కట్టెల పొగలో వండుకునే నాటుకోడికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. అది రెండేళ్లకోసారి. ఇది బుధవారం.

కడిగే సంగతి కొంచెం గొడవ. పచ్చి కోడిని పంపు కింద కడిగితే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చుక్కలతో పాటు సింకు చుట్టూ చిమ్ముతుందని, వేడికి అవి ఎలాగూ చస్తాయి కాబట్టి కడగొద్దని ఆహార నిపుణులు చెబుతారు. ఈ మాట మా అమ్మతో అన్నాను. "కడగకుంట వండితే నేను ముట్ట బిడ్డా, నువ్వే తిను" అంది. రాజీ ఏమిటంటే, పంపు తిప్పను. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, ముక్కలు అందులో ముంచి, మెల్లగా తిప్పి, చిమ్మకుండా నీళ్లు వంపేస్తాను. ఆ గిన్నె, సింకు అప్పటికప్పుడే సబ్బుతో కడిగేస్తాను. ఇంత శుభ్రమూ అయ్యాక అసలైన పని ఇంకొకటుంది: తుడవడం. టిష్యూలతో జాయింట్లను అద్ది, పై తడి పూర్తిగా తీసెయ్యాలి. తడి ఉన్న ముక్క ఓవెన్లో కాలదు, ఉడుకుతుంది. పైకి తెల్లగా, పాలిపోయి వస్తుంది. మసాలా కూడా ముక్కను పట్టుకోక ట్రేలోకి జారిపోతుంది.

ఇక నానబెట్టే గిన్నె. నా మొత్తం పద్ధతిలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. మాకు కిలో పెరుగు ప్లాస్టిక్ బకెట్ వస్తుంది, మూత గట్టిగా పడేది. బుధవారం నాటికి అడుగున ఐదారు చెంచాల పెరుగు మిగిలేలా చూసుకుంటాను, ఎవరైనా అందులో చెయ్యి పెడితే ఊరుకోను. ఆ పెరుగు కొంచెం పులిసి ఉంటే ఇంకా మంచిది. మసాలా అంతా ఆ బకెట్లోనే వేస్తాను. కిలో జాయింట్లకు రెండు చిన్న చెంచాల ఉప్పు, రెండు చెంచాల అల్లం ఎల్లిగడ్డ పేస్టు, ఒక చెంచా ధనియాల పొడి, అర చెంచా గరం మసాలా, పావు చెంచా పసుపు. కారం గురించి విడిగా చెబుతాను. జాయింట్లు దించి, మూత పెట్టి, బకెట్టును అటూ ఇటూ ఊపుతాను. చిన్నోడికి ఈ పని అంటే ప్రాణం. మూత గట్టిగా పడిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసి వాడి చేతికిస్తాను. చేతికి మసాలా అంటదు, గిన్నెకు అంటదు. పని అయ్యాక బకెట్టు చెత్త బండికి పోతుంది. పచ్చి కోడి పెట్టిన ప్లాస్టిక్‌ను మళ్లీ వంటింట్లో దేనికీ వాడొద్దు. బకెట్టు వద్దనుకుంటే పిల్లలు బడి నుంచి తెచ్చిన స్టీలు టిఫిన్ డబ్బా వాడండి. అది ఎలాగూ తోమాల్సిందే, దాంట్లో ఇంకో పని చేయించుకుంటే నష్టం ఏముంది?

ఎంతసేపు నానాలి? ముందు రోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఉప్పు లోపలికంటా దిగుతుంది, చాలా బాగుంటుంది. మా ఇంట్లో కుదరదు, మంగళవారం రాత్రి ఫ్రిజ్‌లో కోడి అంటే అమ్మ ఒప్పుకోదు. అరగంట చాలు, గాట్లు లోతుగా ఉంటే ఆ అరగంటలోనే రుచి లోపలికి పోతుంది. ఎక్కువసేపు పెట్టేదుంటే తప్పకుండా ఫ్రిజ్‌లోనే పెట్టండి. పచ్చి మాంసం బయట రెండు గంటలు దాటి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉండకూడదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏడింటికి కూడా వంటిల్లు అంతకంటే వేడిగానే ఉంటుంది.

ఇప్పుడు కారం. పొద్దంతా మిర్చి మధ్య కూర్చునే మనిషిని, ఇక్కడ కొంచెం పొడుగ్గా మాట్లాడతాను, భరించండి. మా మార్కెట్‌కు తేజ వస్తుంది, వండర్ హాట్ వస్తుంది, 341 వస్తుంది. వీటి మధ్యలో చపాట వస్తుంది. మిగతావి సన్నగా పొడుగ్గా ఉంటే ఇది పొట్టిగా, లావుగా, బుగ్గలు ఉబ్బించుకుని ఉంటుంది. అందుకే దీన్ని టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. సింగిల్ పట్టి, డబుల్ పట్టి అని అందులో మళ్లీ రకాలు. కొత్త బస్తా మూతి విప్పినప్పుడు ఆ రంగు చూడాలి. ఘాటు మాత్రం తక్కువ. పచ్చళ్లకు దీన్ని ఏరి కొనేవాళ్లుంటారు. 2025లో వరంగల్ చపాటకు జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మేము సీజన్‌లో రెండు మూడు కిలోలు తెచ్చుకుంటాం. అమ్మ తొడిమలు తీసి, డాబా మీద ఎండబెట్టి, గిర్నీలో పట్టిస్తుంది.

ఓవెన్ కోడికి ఇంతకంటే మంచి కారం లేదని నా గట్టి నమ్మకం. బయట తందూరీలకు ఎర్ర రంగు కలుపుతారు, చేతి వేళ్లకు అంటితే మర్నాటిదాకా పోదు. చపాట కారం రెండు చెంచాలు నిండుగా వేసినా పిల్లలు నీళ్లకోసం ఉరకరు, ముక్క మాత్రం నిగనిగలాడుతుంది. ఒక్క కిటుకు ఉంది. కారాన్ని నేరుగా పెరుగులో వేయకండి. మిర్చి ఎరుపు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. బకెట్టు మూతను వెల్లకిలా పెట్టి, అందులోనే రెండు చెంచాల నూనె పోసి, కారం వేసి, చెంచాతో కలిపి రెండు నిమిషాలు వదిలేయండి. నూనె ఎర్రగా తిరుగుతుంది. అప్పుడు పెరుగులో కలపండి. మూతనే వాడామని గమనించారా, ఇంకో గిన్నె లేదు. పెద్దవాళ్లకు ఘాటు తగలాలంటే అర చెంచా తేజ కారం చేర్చుకోవచ్చు. అంతకు మించితే ఓవెన్ తలుపు తీసినప్పుడు వచ్చే ఘాటుకు ఇల్లంతా దగ్గులు. పొద్దంతా మార్కెట్లో దగ్గి వచ్చి ఇంట్లో కూడా దగ్గడం నావల్ల కాదు.

నిమ్మకాయ ఇప్పుడు పిండొద్దు. పెరుగు పులుపు ఉంది, చాలు. నిమ్మరసం ముందే పడితే ముక్క పై పొర పిండిలాగా అవుతుంది. వడ్డించేటప్పుడు పిండుకోండి, వాసన కూడా అప్పుడే బాగుంటుంది.

ట్రే దగ్గర అసలు తెలివి చూపించాలి. ఓటీజీతో వచ్చిన నల్ల ట్రేలో నేరుగా కోడి పెడితే, కారిన పెరుగూ కొవ్వూ మాడి గట్టిపడి, పీచు అరిగిపోయేదాకా రుద్దినా పోవు. అందుకే ముందు అల్యూమినియం ఫాయిల్ పరుస్తాను, అంచులు పైకి మడిచి గట్టులాగా నిలబెడతాను. దాని మీద బేకింగ్ పేపర్. రెండూ ఎందుకంటే, పులుపు, ఉప్పు ఫాయిల్‌కు పడవు. పెరుగు నేరుగా తగిలితే చిన్న చిన్న చిల్లులు పడతాయి, ముక్కకు లోహం రుచి వస్తుంది. వట్టి పేపరైతే రసం అంచుల్లోంచి కిందికి జారుతుంది. పేపర్ కొనేటప్పుడు జాగ్రత్త. బటర్ పేపర్ అని అడిగితే మిఠాయి పొట్లాలు కట్టేది చేతిలో పెడతారు, అది ఈ వేడికి ఆగదు, పొగలొస్తాయి. బేకింగ్ పేపర్ అని అడిగి, డబ్బా మీద ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందో చూసి తీసుకోండి. చాలావాటి మీద 220 అని ఉంటుంది. పేపర్ అంచు పైకి లేచి రాడ్‌కు తగలకుండా కత్తిరించాలి. ఇది సరదాకు చెప్పట్లేదు, తగిలితే నిజంగానే అంటుకుంటుంది.

పేపర్ మీద ఆలుగడ్డలు. బొటనవేలు మందాన బిళ్లలుగా కోసి, కొంచెం ఉప్పూ నూనె రాసి పరవండి. రెండు ఉల్లిగడ్డలు నాలుగేసి ముక్కలు చేసి మధ్యలో దూర్చండి. వాటి మీద జాయింట్లు, ఒకదానికొకటి తగలకుండా, లావుగా ఉన్న తొడ వైపు ఓవెన్ లోపలికి, సన్న కాలు తలుపు వైపు. మా ఓవెన్లో వెనక వైపు వేడి ఎక్కువ. మీది వేరేలా ఉండొచ్చు, నాలుగు బ్రెడ్ ముక్కలు పెట్టి చూస్తే ఏది ముందు ఎర్రబడితే అటు వేడి ఎక్కువని తెలిసిపోతుంది. కోడి నుంచి కారిన కొవ్వు, మసాలా ఆలుగడ్డలు పీల్చుకుంటాయి. నిజం చెప్పాలంటే మా ఇంట్లో కొట్లాట కోడి కోసం కాదు, ఆ ఆలుగడ్డల కోసం. అంచులు కరకర, లోపల మెత్తన, కింది వైపు కారం పట్టి ఉంటాయి.

ఓవెన్‌ను ముందే పది నిమిషాలు 200 డిగ్రీల మీద వేడి చేసి పెట్టుకోవాలి. నేను స్నానానికి పోయే ముందు స్విచ్ వేయమని పెద్దమ్మాయికి చెబుతాను. ట్రే మధ్య అరలో పెట్టి, పైనా కిందా రాడ్లు రెండూ వేసి, నలభై నిమిషాలు. ఇరవై ఐదు నిమిషాలప్పుడు ఒక్కసారి తెరిచి, చిమటాతో (పట్టకారుతో) ముక్కలు తిరగేసి, కారిన రసాన్నే చెంచాతో పైన పోస్తాను. మన దగ్గర ఎక్కువగా స్కిన్‌లెస్సే తీసుకుంటాం కదా, పైన తోలు ఉండదు కాబట్టి ఈ రసం పోయకపోతే పై పొర తోలులాగా గట్టిపడుతుంది. చివరి ఐదారు నిమిషాలు పై రాడ్ ఒక్కటే వేస్తే అక్కడక్కడా నల్ల చుక్కలు పడతాయి. అప్పుడు మాత్రం ఎదురుగా ఉండండి. ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య రెండు నిమిషాలే తేడా.

అయిందో లేదో తెలియాలంటే తొడ మీద లావుగా ఉన్న చోట, బొక్కకు తగలకుండా థర్మామీటర్ గుచ్చి చూడటం అన్నిటికంటే నమ్మకం. ఆన్‌లైన్‌లో చౌకగానే దొరుకుతుంది. లేకపోతే కత్తి మొన గుచ్చితే కారే రసం తేటగా ఉండాలి, కాలు ఎముక చేత్తో తిప్పితే వదులుగా కదలాలి.

ఇక్కడ మా అమ్మతో ప్రతిసారీ ఒక పంచాయితీ. ముక్క విప్పగానే బొక్క పక్కన ఎర్రగా కనిపిస్తుంది. "గిది పచ్చిగనే ఉన్నది రా, మళ్ల పెట్టు" అంటుంది. అది పచ్చి కాదు. ఫారం కోడి ఆరు వారాలకే కోతకు వస్తుంది, దాని ఎముకలు ఇంకా ముదరవు. లోపలి మూలుగలోని ఎరుపు వేడికి బయటికి ఊరి పక్క మాంసానికి అంటుకుంటుంది. లోపలి వేడి సరిగ్గా ఉంటే ఆ ఎరుపుతో ఏ ఇబ్బందీ లేదు. ఈ సైన్సంతా విని అమ్మ తలూపుతుంది, తర్వాత తన ముక్కను పట్టుకొచ్చి మళ్లీ ట్రేలో పెడుతుంది. నేను కూడా వాదించను, ఇంకో ఏడు నిమిషాలు పెడతాను. కాలు ముక్కే కదా.

బయటికి తీశాక ఐదు నిమిషాలు ఆగాలి. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి పోతుంది. ఆ ఐదు నిమిషాల్లో నేను రొట్టెల పొట్లం విప్పుతాను. హన్మకొండలో ఇప్పుడు సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు చాలామంది. చేత్తో తడుతూ, పెనం మీదికి జారవిడిచి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది, నిప్పు మీద పొంగించి ఇస్తారు. ఇంటికొచ్చే దారిలో ఆరు రొట్టెలు కట్టించుకుంటే పీటా, పెనం, పిండి గిన్నె అన్నీ తప్పుతాయి. కాల్చిన కోడి, జొన్న రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మ చెక్క. అన్నం కావాల్సినవాళ్లకు కుక్కర్లో ఒక గ్లాసు బియ్యం. అమ్మకు పులుసు ఉండాలి, లేకపోతే ముద్ద దిగదు. దానికి ఫాయిల్ గట్టు లోపల నిలిచిన ఎర్ర రసాన్ని చెంచాలతో తీసి ఆమె అన్నం మీద వేస్తాను. తక్కువే వస్తుంది కానీ చిక్కటి రుచి. "గింతేనా" అంటుంది, ఖాళీ మాత్రం చేస్తుంది.

కరెంటు సంగతి కూడా అమ్మ పెట్టిన టెన్షనే. మాది గృహజ్యోతి, అంటే సర్కారు ఉచిత కరెంటు పథకం కింది మీటరు. నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. ఓవెన్ ఎర్రగా మండుతుంటే ఆమె చూపు మీటరు వైపే. లెక్క మన వృత్తే కాబట్టి కాగితం మీద వేసి చూపించాను. మా ఓటీజీ 1500 వాట్లు. ఆగకుండా గంట మండితే యూనిట్‌న్నర. నిజానికి వేడి చేరాక థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటుంది కాబట్టి అంతకూడా కాదు. నెలకు అన్ని బుధవారాలూ చేసినా ఆరేడు యూనిట్లు. 200 యూనిట్లతో పోలిస్తే భయపడాల్సిన లెక్క కాదు. ప్లగ్ విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. పెద్ద ప్లగ్, అంటే 16 ఆంపియర్ సాకెట్‌కే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, పక్కనే మిక్సీ కూడా తిప్పితే వైరు కాలిన వాసన వస్తుంది.

ఎండాకాలంలో ఓవెన్ ఏమిటని కొందరు నవ్వుతారు. వంటిల్లు వేడెక్కే మాట నిజమే. కాకపోతే కడాయి ముందు మనం నిలబడి ఉడకాలి, ఇక్కడ తలుపు మూసి కూలర్ ముందుకు పోవచ్చు. మేలో మా ఓటీజీని వెనక వరండాలోకి మారుస్తాం, అక్కడ వాషింగ్ మెషీన్ కోసం పెట్టించిన పెద్ద సాకెట్ ఉంది.

చివరికి సింకులో మిగిలేది: కోడి కడిగిన గిన్నె ముందే అయిపోయింది, ఇక ఆలుగడ్డలు కోసిన కత్తి, పలక, చిమటా, ఒక చెంచా, తిన్న పళ్లేలు, కుక్కర్ పెడితే కుక్కర్. ట్రే చల్లారాక పేపర్, ఫాయిల్ కలిపి బొక్కలతో సహా ముడిచేస్తే కింద ట్రే ఉత్త తడిగుడ్డతో శుభ్రమైపోతుంది. వేడి మీద ముడవకండి, అడుగున కొవ్వు ఉంటుంది, చేతి మీద పడితే బొబ్బలే. ఆ కొవ్వును సింకులో పోయడం కూడా తప్పు, చలికాలంలో గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. ఓవెన్ అడుగున ఉండే సన్నటి రేకును నెలకోసారి లాగి దులపండి. అక్కడ పడ్డ ముక్కలే తర్వాత కాలి పొగ వాసన వస్తుంది.

మా ఇంటామె ముక్క ట్రేలో ఆలుగడ్డల మీదే ఉంటుంది, దాని చుట్టూ ఫాయిల్ మడిచి ఫ్రిజ్‌లో పెడతాను. ఆమె బండి గేటు దగ్గర చప్పుడు వినగానే 180లో పదిహేను నిమిషాలు. నోరూరించే వాసన మళ్లీ ఇల్లంతా. ఒక్కటే నిబంధన, పన్నెండు కొట్టేలోపు తినేయాలి. పన్నెండు దాటితే గురువారం, ఇంట్లో నీసు ఉండకూడదు. మిగిలితే నాకే శిక్ష, రెండో ముక్క నేనే తినాలి. అందుకే కొన్ని బుధవారాలు కావాలనే ఐదో జాయింటు తూపిస్తాను.